ఈ నలభై రోజులూ ఏం విడుద్దాం, ఎవరికిద్దాం

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, అటు బరంపురం దాకా తెలుగు కతోలిక కుటుంబాలున్న చోటల్లా తపస్సుకాలం (పాస్కా, అంటే ఈస్టర్ పండక్కి ముందు నలభై రోజులు) ముందు వారం ఒక హడావిడి ఉండేది. సిలువ వెనక, పటాల వెనక, చూరులో దోపి ఉంచిన కిందటేటి మట్టల ఆదివారం నాటి ఈతమట్టలు తీసి, దుమ్ము దులిపి, ఆదివారం పూజకు గుడికి పట్టుకెళ్ళేవారు. ఉపదేశిగారు (ఊళ్ళో మతపాఠాలు చెప్పే ఆయన) అవన్నీ ఒక గోనెసంచిలోకి ఎత్తేవారు. మట్టలు అప్పజెప్పి గుడి మెట్లు దిగుతూ పెద్దవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడిగే మాట ఒకటుండేది. "ఈసారి ఏం విడుస్తున్నావు? అది ఎవరికి చేరుతుంది?"

మొదటి ప్రశ్న ఇప్పటికీ అందరూ అడుగుతున్నారు. రెండోది మాత్రం క్రమంగా మాయమైపోతోంది. నిజానికి తపస్సుకాలపు తీర్మానం నిలిచేదీ నిలవందీ ఆ రెండో ప్రశ్న దగ్గరే తేలేది. అందుకే ఆ రోజుల్లో మా సరిహద్దు ఊళ్ళలో ఎలా ఎంచుకునేవారో, ఏది పనికొచ్చేదో, ఏది ఎక్కడ చెడేదో గుర్తున్నంత వరకు రాసిపెట్టుకుంటే కొత్తగా ఇల్లు నడుపుతున్న పిల్లలకు ఉపయోగపడుతుంది.

ముందు ఆ మట్టల సంగతి. తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు నుదుట పెట్టే బూడిద వాటితోనే చేస్తారు. బూడిద చెయ్యడానికి ఏముందిలే అనుకుంటారు గాని దానికీ ఒక పద్ధతుంది. ఏడాదంతా ఎండిన మట్టే అయినా ఈనె దగ్గర చెమ్మ ఉండిపోతుంది. అందుకని ఆకులు ఒలిచి, ఈనెలు పక్కన పెట్టి, రెండు రోజులు ఎండలో పరిచి, పాత ఇనప మూకుడులో కొద్దికొద్దిగా కాల్చేవారు. ఒక్కసారే కుక్కి అంటిస్తే పైవి కాలి, లోపలివి పొగచూరి గోధుమరంగులో మిగిలిపోతాయి. చల్లారాక రోట్లో నూరి, పల్చటి నూలుగుడ్డలో జల్లిస్తే నల్లటి మెత్తని పొడి వస్తుంది. గోనెడు మట్టలకు చిన్న గిన్నెడు బూడిద, అంతే. ఊరందరికీ అది చాలు. దాన్ని ముందురోజే నీళ్ళు పోసి ముద్ద చేసి ఉంచకూడదు. నానిన బూడిదలో క్షారం తేలి నుదురు మండుతుంది, పసిపిల్లలకైతే చర్మం ఎర్రబడి పొక్కుతుంది. పూజలో ఫాదర్ గారు పవిత్రజలం చిలకరిస్తారు, ఆ తడి సరిపోతుంది. పొడిగా నడినెత్తిన చల్లినా అది విభూదే.

మా ప్రాంతం గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడే వరకు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. 1922లో స్పెయిన్ నుంచి విన్సెంట్ సభ గురువులు ఒడిశా మిషనుకు వచ్చారు. 1974లో బరంపురం మేత్రాసనం (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) ఏర్పడింది. దాంతో గుడిలో పూజ ఒడియాలో, ఇంట్లో జపమాల తెలుగులో, కొండల మీదికెళితే పాట సవరలో. ఒకే సిలువమార్గంలో (ప్రభువు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ చేసే ప్రార్థనలో) మూడు భాషలూ వినబడేవి. ఎవరికీ అది వింతగా ఉండేది కాదు.

శ్రీసభ, అంటే కతోలిక సంఘం, నియమం ఏం చెబుతుందో చాలామందికి సగం సగం తెలుసు. తాతల కాలంలో 1917 నాటి చట్టం నడిచేది. దాని ప్రకారం 21 ఏళ్ళు నిండినవాళ్ళకు ఆదివారాలు తప్పించి తపస్సుకాలమంతా ఒక్కపొద్దు. 7 ఏళ్ళు నిండిన పిల్లలకు కూడా చెప్పిన రోజుల్లో శుద్ధభోజనం, అంటే మాంసం లేని భోజనం. 1966లో ఆరవ పౌలు పాపుగారు దాన్ని సడలించారు. 1983 చట్టం వచ్చాక విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే), ఈ రెండు రోజులే ఒక్కపొద్దు తప్పనిసరి. అది 18 ఏళ్ళు నిండినప్పటి నుంచి 59 నిండే వరకు. మాంసం మానే నియమం 14 నిండినప్పటి నుంచి మొదలై బతికినంత కాలం ఉంటుంది. మిగతా శుక్రవారాల్లో మాంసం మానాలా, బదులుగా వేరే తపస్సు చెయ్యవచ్చా అన్నది బిషప్పుల మండలి నిర్ణయం, మీ విచారణ (గుడి పరిధి) గురువు చెబుతారు. మార్చి 19న వచ్చే పునీత జోజప్ప పండుగ గాని, మార్చి 25న వచ్చే మంగళవార్త పండుగ గాని శుక్రవారం పడితే, అది పవిత్ర శుక్రవారం కాకపోతే, ఆ రోజు శుద్ధభోజనం అక్కర్లేదు. ఈ సంగతి తెలియక పండుగ పూట కూడా పిల్లల్ని గదమాయించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

ఒక్కపొద్దంటే రోజంతా పస్తు ఉండటమని మా వైపు చాలామంది నమ్మకం. ఒక పూట కడుపునిండా భోజనం, మిగతా రెండు పూటలా కొంచెం కొంచెం, ఆ రెండూ కలిపినా ఒక పూర్తి భోజనం కాకుండా ఉంటే చాలు. నీళ్ళు, మందులు లెక్కలోకి రావు. రోగులకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు ఈ భారం లేదు. ఇటుకబట్టీలో, జీడితోటలో, రోడ్డు పనిలో ఉన్న మనిషి మార్చి ఎండలో పస్తుండి కళ్ళు తిరిగి పడిపోతే అది దేవుడు అడిగింది కాదు. ఆ మాట కచ్చితంగా చెప్పే ఉపదేశులు మాకుండేవారు, అది మా అదృష్టం.

ఆ చిన్న పూటలకు చోడి (రాగి) అంబలిని మించింది లేదు. ముందురోజు రాత్రి మనిషికి మూడు చెంచాల చోడిపిండి గ్లాసు నీళ్ళలో కలిపి మూత పెట్టాలి. పొద్దున్నే రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి, ఆ పులిసిన పిండినీళ్ళను గరిటెతో తిప్పుతూ సన్నటి ధారగా పోసి, చిన్న మంట మీద పది నిమిషాలు ఉడకనివ్వాలి. పొడిపిండి తిన్నగా మరిగే నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. ఎంత తిప్పినా లోపల పచ్చిపిండి మిగిలి కడుపునొప్పి తెస్తుంది. చల్లారాక ఉప్పు, మజ్జిగ. పక్కన ఒక ఉల్లిపాయ. ఒడియావాళ్ళ ఇళ్ళలో ఇదే పూటకు పొఖాళొ (నీళ్ళలో నానబెట్టిన అన్నం), మా ముసలివాళ్ళకు తరవాణి.

ఇక అసలు విషయం. మాంసం మానడం మా ఊళ్ళలో ఎవరికీ కష్టం కాదు. చాలా ఇళ్ళలో మాంసం పండక్కో, చుట్టం వస్తేనో. లేనిదాన్ని మానేసి తపస్సంటే ఎలా? అందుకని పెద్దవాళ్ళు ఆలోచించేవారు. నీకు రోజూ ఏది లేకపోతే గడవదో అది చూసుకో అనేవారు. మగవాళ్ళకు ఖైనీ, బీడీ, సాయంత్రం మహులి (ఇప్పపువ్వు) సారా. ఆడవాళ్ళకు అడ్డపొగ (చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం), గుడాఖు. అందరికీ టీ. వీటికి తోడు ఎండుచేప. శ్రీసభ నియమం చేపను మానమనదు, మాంసం గురించే చెబుతుంది. కాని ఎండుచేప ముక్క కాల్చుకుంటే తప్ప అంబలి దిగని ఇంట్లో శుక్రవారం ఆ ముక్క మానడమే అసలైన శుద్ధభోజనం. నియమం కన్నా ఒక మెట్టు ఎక్కువే అది, ఎవరూ అడక్కుండా చేసేది.

గుడాఖు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తపస్సుకాలంలో దాన్ని మానాలని మొదలుపెట్టి మూడోరోజే మళ్ళీ డబ్బా తీసినవాళ్ళు ఎక్కువ. పొగాకు, బెల్లం కలిపిన ఆ ముద్ద పళ్ళకు రుద్దుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటైపోతుంది. మానిన మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు, మలబద్ధకం. అదే గడ్డు సమయం, ఆ తర్వాత వారం వారం తగ్గుతుంది. అందుకని విభూది బుధవారం నాడే ఒక్కసారిగా మానకుండా ముందు వారం నుంచే రోజుకు నాలుగుసార్లున్నది రెండుకు, రెండున్నది ఒకటికి దించుకునేవాళ్ళు నెగ్గేవారు. చేతికి పని ఉండాలని వేపపుల్ల, నోటికి సోంపు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు రెండు గ్లాసులు. డబ్బాను ఇంట్లో దాచడం దండగ, పొరుగింట్లో ఇచ్చెయ్యడం కూడా దండగే. పారెయ్యాలి. రోజూ గుడాఖుకయ్యే డబ్బు ఆ రోజే ఒక సత్తుడబ్బాలో వెయ్యాలి.

సారా విషయంలో ఒక హెచ్చరిక. అప్పుడప్పుడు తాగేవాడు నలభై రోజులు మానితే మేలే. ఏళ్ళ తరబడి పొద్దున్నుంచీ తాగుతున్న మనిషి మాత్రం దేవుడి పేరు చెప్పి ఒక్కరోజులో ఆపకూడదు. మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, మతి తప్పి మాట్లాడటం, మూర్ఛ రావడం జరుగుతాయి. ప్రాణాల మీదికి రావచ్చు. అలాంటివాళ్ళ తపస్సుకాలపు తీర్మానం ఆసుపత్రికి వెళ్ళడం. భార్య వెంట వెళ్ళాలి, డాక్టరుకు దాచకుండా చెప్పాలి. భక్తితో ఆపాడు, దయ్యం పట్టింది అని గుడి దగ్గర కూర్చోబెట్టిన కుటుంబాల బాధ చూసినవాళ్ళెవరూ ఈ మాట తేలిగ్గా తీసుకోరు.

టీ లెక్క సులువు. కొట్టులో టీ పది రూపాయలనుకుంటే రోజుకు రెండు మానితే ఇరవై, నలభై రోజులకు ఎనిమిది వందలు. కాగితం మీద బాగానే ఉంటుంది. చివర్లో లెక్కగట్టి ఇద్దామనుకున్న ఎనిమిది వందలు చివరికి ఎప్పుడూ ఉండవు, బియ్యానికో ఫోను రీచార్జికో కరిగిపోతాయి. ఏ రోజు డబ్బు ఆ రోజే ఇంట్లో అందరికీ కనబడే చోట పడాలి.

పిడికెడు బియ్యం అలవాటు ఈ పద్ధతికి తల్లివంటిది. దాన్ని సరిగ్గా చేసే ఇల్లు ఎలా చేసేదో చెబుతాను. బియ్యం కొలిచాక, కడక్కముందు, ఒక పిడికెడు తిరిగి తీసి విడి కుండలో వెయ్యాలి. కొలిచినదానికి అదనంగా తీస్తే అది దానం, కొలిచిన దాంట్లోంచే తీస్తే దానమూ తపస్సూ రెండూ. మా వైపు రెండో విధమే. తీసేది పెద్దమనిషి పిడికిలి, ఒకే మనిషిది. పిల్లలు సరదాపడి తీస్తే కొలత నిలవదు, వాళ్ళకు కుండ మూత తీసే పని ఇచ్చేవారు. ఆడమనిషి పిడికిలికి నలభై, యాభై గ్రాములు పడతాయి. రెండు పూటలా వంట లెక్కన నలభై రోజులకు మూడున్నర కిలోలు. పది ఇళ్ళు కలిస్తే ముప్పై అయిదు కిలోలు, ఒక ముసలి దంపతులకు రెండు నెలలు గడుస్తాయి.

చెడేది ఎక్కడంటే, కుండలో. బియ్యంలో కంటికి కనబడని ముక్కపురుగు గుడ్లు ముందే ఉంటాయి. ఈ వేడికి నెల తిరిగేసరికి అవి పురుగులై బయటికొస్తాయి. నలభై రోజులు దాచి పాస్కా పండక్కి తీస్తే సగం పిండి, సగం పురుగు. ఆ బియ్యం చేటలో చెరిగి బీదవాళ్ళకు ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడమే నయం. కుండ అడుగున ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు వేస్తే కొంత ఆగుతుంది. మేలైన మార్గం వారం వారం ఖాళీ చెయ్యడం. శుక్రవారం సిలువమార్గానికి వచ్చేటప్పుడు ఆ వారం బియ్యం గుడ్డమూటలో తెచ్చి గుడిలో పెద్ద తపేలాలో పోసేవారు.

ఇంకో చిక్కు ఉప్పుడు బియ్యం, పచ్చిబియ్యం కలిసిపోవడం. మా ఊళ్ళలో కొన్నిళ్ళు ఉప్పుడు బియ్యం తింటాయి, కొన్ని పచ్చివి. రెండూ ఒకే తపేలాలో పడితే వండినప్పుడు పచ్చిబియ్యం చిమిడిపోతుంది, ఉప్పుడు బియ్యం పలుకుగా ఉంటుంది. అందుకోసం గుడి వరండాలో రెండు తపేలాలు పెట్టేవారు, ఒకదానికి సున్నంతో గీత. చిన్న సంగతే గాని పుచ్చుకునేవాళ్ళ నోటికి అన్నం సహించాలన్న శ్రద్ధ అది. మరో పట్టుదల కూడా ఉండేది. మనం తినే కుండలోంచే తీయాలి, ఇంట్లో ఎవరూ ముట్టని ముతక బియ్యం తెచ్చి పొయ్యకూడదు.

ఇచ్చే తీరు కూడా నేర్పేవారు. పేరు పిలిచి, గుడి ముందు వరసలో నిలబెట్టి ఇవ్వడం లేదు. పొద్దుగూకాక ఒక పిల్లాడూ పెద్దాయనా వెళ్ళి గుమ్మంలో పెట్టి, పలకరించి, ఆరోగ్యం కనుక్కుని వచ్చేవారు. మగమనిషి వలస వెళ్ళిన ఇల్లు, క్షయ మందులు వాడుతున్న ఇల్లు, పిల్లలు పట్టించుకోని ముసలివాళ్ళ ఇల్లు, వీటి జాబితా ఉపదేశిగారి భార్య తలలో ఉండేది. ఆ ఇళ్ళలో కతోలికులెవరు, కానివారెవరు అని చూసేవారు కాదు. మత్తయి సువార్త ఆరో అధ్యాయం విభూది బుధవారం పూజలో చదువుతారు. నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు అన్న ఆ మాటను మా ఊళ్ళో చీకటి పడ్డాక అమలు చేసేవారు.

తపస్సుకాలం ఇక్కడ ఎండలతో పాటు వస్తుంది. ఇప్పపువ్వు రాలే రోజులు, చింతపండు దించే రోజులు. దారిన పోయేవాళ్ళకు దాహం ఎక్కువ. చలివేంద్రం పెట్టడం ఒడియావాళ్ళలోనూ ఉంది, వాళ్ళు జొళొఛత్రొ అంటారు. ఒక ఇల్లు ఒంటరిగా చెయ్యగలిగిన తీర్మానాల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇది. రెండు కొత్త కుండలు కావాలి. కిందటేటి కుండ వద్దు, నీళ్ళలోని ఉప్పు చేరి సన్నటి రంధ్రాలు మూసుకుపోయి చల్లబరచదు. కొత్త కుండను ఒక పగలూ రాత్రీ నీళ్ళలో ముంచి ఉంచి ఆ నీళ్ళు పారబోయాలి. లేకపోతే మట్టివాసన, కారడం. నీడలో జానెడు ఎత్తు ఇసక పోసి తడిపి, దాని మీద కుండ, చుట్టూ తడిగుడ్డ. గాలి ఆడే చోటు ఉండాలి, మూసిన పాకలో పెడితే నీళ్ళు చల్లబడవు. కాచి చల్లార్చిన నీళ్ళు గాని వడకట్టిన మంచినీళ్ళు గాని పోసి, పొడుగుకాడ ముంత ఒకటి కట్టాలి, చెయ్యి నీళ్ళలో ముంచకుండా. కుండను రోజూ సాయంత్రం బోర్లించి కొబ్బరిపీచుతో తోమాలి. రెండు కుండలు ఎందుకంటే ఒకటి ఆరుతుంటే ఇంకోటి పనిచెయ్యాలి. ఈ పని ఎప్పుడు ఆగిపోతుందంటే మూడో వారంలో, పిల్లలకు పరీక్షలు మొదలైనప్పుడు. అందుకే మొదట్లోనే ఏ వారం ఎవరిదో అనుకోవాలి. పాస్కా అయిపోయిందని కుండ తీసెయ్యకూడదు కూడా, అసలు ఎండలు అప్పుడే.

ప్రార్థన విషయంలో పెద్దవాళ్ళు ఆశ్చర్యంగా తక్కువ అడిగేవారు. కూలికి వెళ్ళొచ్చిన ఇంట్లో రోజూ పూర్తి జపమాల, అంటే అయిదు దేవరహస్యాలు, అని మొదలుపెడితే మూడో దేవరహస్యానికి పిల్లలు నిద్రపోతారు, పెద్దవాళ్ళు తూగుతారు, పదోరోజుకు ఆగిపోతుంది. బదులుగా రోజుకొక్క దుఃఖ దేవరహస్యం. ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వస్తోత్రం. అయిదారు నిమిషాలు. అన్నం వడ్డించక ముందు, పొయ్యి ఆర్పిన వెంటనే. భోజనమయ్యాక అనుకుంటే అవదు. ఒడియా కోడలున్న ఇంట్లో మొదటి సగం ఆ అమ్మాయి ఒడియాలో చెబితే, రెండో సగం అత్తగారు తెలుగులో అందుకునేవారు. అలా ఒక తపస్సుకాలం గడిచేసరికి ఇద్దరికీ రెండు భాషల జపాలూ వచ్చేసేవి. వరండాలో ఆడుకునే మనవలకైతే ఏది ఎవరి భాషో కూడా తెలిసేది కాదు.

శుక్రవారం సిలువమార్గం పొద్దువాటారాక. 14 స్థలాలకు 14 ఇళ్ళు. ఏ ఇంటి ముందు ఏ స్థలమో విభూది బుధవారం నాడే చెప్పేవారు, ఆ ఇల్లు అలికి ముగ్గేసి, చెక్కసిలువ పెట్టి, దీపం పెట్టాలి. ఆరో స్థలం, వెరోనిక ప్రభువు ముఖం తుడిచిన చోటు, అడిగి తీసుకునేవాళ్ళు ఎక్కువ. నిజానికి అయిదోది తీసుకోమనేవారు ఉపదేశిగారు. సీమోను ఇష్టపడి మొయ్యలేదు, పట్టుకుంటే మోశాడు. ఇష్టంలేని పని నెత్తినపడ్డ ఇంటికి ఆ స్థలమే బలం అని ఆయన మాట.

అన్నిటికన్నా బరువైన తీర్మానం మాట్లాడని మనిషితో మాట్లాడటం. గట్టు తగాదా, ఆడపిల్లకు పెట్టిన బంగారం తగాదా, చావుకు రాలేదన్న పంతం. నీ సోదరునికి నీ మీద ఏదైనా ఉంటే నీ కానుక బలిపీఠం ముందే విడిచి వెళ్ళి ముందు సమాధానపడు అన్న సువార్త మాటను పట్టుకుని, ఇది తెగనిదే మిగతావన్నీ లెక్కలోకి రావని గట్టిగా చెప్పేవారు. అయితే తొందరపడి మొదటిరోజే వెళ్ళమనేవారు కాదు. మొదటి రెండు వారాలూ ఆ మనిషి పేరు పెట్టి రోజూ ఒక పరలోక జపం. మూడోవారం ఎదురుపడితే పక్కకు తప్పుకోకుండా ఉండటం. నాలుగోవారం పిల్లాడి చేత ఏదైనా పంపడం, నాలుగు మునక్కాడలో, గిన్నెడు చింతపండో. తిప్పి పంపితే మారుమాట లేకుండా పుచ్చుకోవాలి. అయిదోవారం స్వయంగా గుమ్మం ఎక్కడం. అక్కడ తప్పెవరిదన్న చర్చ ఎత్తకూడదు, ఎత్తితే మొదటికొస్తుంది. కొలతల సంగతి అమీను (భూమి కొలిచే ఉద్యోగి) చూసుకుంటాడు, నువ్వు మాట కలుపు అనేవారు. అయిదో వారానికి కూడా తలుపు తెరుచుకోని ఇళ్ళుండేవి. జపం మాత్రం పాస్కా తర్వాత కూడా నడిచేది.

పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) పాస్కాకు ముందు వచ్చే పవిత్ర వారానికి వాయిదా వెయ్యడం మా ప్రాంతంలో పెద్ద పొరపాటు. ఒక్క గురువుకు చుట్టూ ఎన్నో ఊళ్ళు, కొండ మీదవి కొన్ని. పవిత్ర గురువారం నాటికి ఆయన గొంతు పోయి ఉంటుంది, వరస గుడి దాటి రోడ్డెక్కుతుంది, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. తపస్సుకాలం రెండోవారంలో వెళ్ళినవాళ్ళకు ఇంకో లాభం, ఎంచుకున్న తీర్మానం సరైందో కాదో గురువును అడగవచ్చు. చాలామంది ఎంచుకునేది మోయలేనంత బరువో, మొయ్యక్కర్లేనంత తేలికో ఉంటుంది. పక్కనుండి చూసే మనిషికి అది తొందరగా తెలుస్తుంది.

ఇక్కడే మొక్కు సంగతి. మనవాళ్ళు తీర్మానం అనుకోబోయి మొక్కుకుంటారు. "దేవా, నలభై రోజులూ చెప్పులు వేసుకోను" అని మాటిచ్చేస్తారు. శ్రీసభ చట్టంలో దేవునికిచ్చిన మొక్కు కట్టి ఉంచేది, ఊరికే వదిలేసేది కాదు, కష్టమైతే గురువు దగ్గర విడుదల అడగాలి. తపస్సుకాలపు తీర్మానం అలాంటిది కాదు. ఒకరోజు తప్పితే పాపమేమీ చుట్టుకోదు, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టడమే. తప్పినదానికి శిక్షగా మర్నాడు రెట్టింపు చేస్తే మూడోనాటికి అసలే ఆగిపోతుంది. ఆదివారాలు ఈ నలభైలోకి రావు. విభూది బుధవారం నుంచి పాస్కా వరకు మొత్తం 46 రోజులు, ఆరు ఆదివారాలు తీస్తే 40. ఆదివారం టీ తాగాలా వద్దా అన్నది ముందే అనుకుని ఉంచుకోవాలి. ఆదివారం పొద్దున్న అనుకుంటే నాలుక గెలుస్తుంది.

పరుల ఇంట్లో ఉన్నప్పుడు ఏం చెయ్యాలన్నది మా వైపు తప్పని ప్రశ్న. ఈ రోజుల్లోనే దోళ పూర్ణిమ, ఉగాది, శ్రీరామనవమి, పాస్కా ఆలస్యమైన ఏడాది పణా సంక్రాంతి (ఒడియావాళ్ళ కొత్త సంవత్సరం) కూడా. పొరుగింటి ఒడియా పిన్ని గ్లాసు నిండా బేలపణా (మారేడుపండు పానకం) తెచ్చి పెడితే "మాకు తపస్సు" అని తిప్పి పంపేవాళ్ళను పెద్దవాళ్ళు మందలించేవారు. నువ్వు మానింది నీకోసం, ఆమె తెచ్చింది నీకోసం, ముందు పుచ్చుకో అనేవారు. శుక్రవారం మాంసం పెడితే మాత్రం నెమ్మదిగా చెప్పి కూర మార్చమంటే ఏ పొరుగూ నొచ్చుకోదు, వాళ్ళకూ సోమవారాలు, గురువారాలు ఉన్నాయి.

ఇప్పుడు పెద్ద మార్పు వలస. గంజాం కుర్రాళ్ళు సూరత్‌లో, మిగతావాళ్ళు హైదరాబాదులో, చెన్నైలో, కేరళలో. ఇటుకబట్టీలకు వెళ్ళిన కుటుంబాలు పాస్కాకు ఇంటికి రావు, వానలకే వస్తాయి. ఫోను మానేస్తానని తీర్మానించుకునే పిల్లలకు ఇది గుర్తుండాలి. ఊళ్ళో ఉన్న అమ్మకు ఆ ఫోనే ఆధారం. మానాల్సింది రాత్రి పడుకుని వేళ్ళతో తోసుకుంటూ చూసే వీడియోలు. రాత్రి తొమ్మిది తర్వాత ఫోను వంటగదిలో ఛార్జింగు పెట్టి రావడం, అలారానికి వేరే గడియారం కొనుక్కోవడం, అంతే. ఆ మిగిలిన సమయంలోంచి శుక్రవారం ఒక గంట ఇంటికి. రాత్రి ఎనిమిదింటికి సూరత్‌లో షిఫ్టు మారే వేళ కుదరకపోతే ఆదివారం మధ్యాహ్నం. ఇక్కడ అమ్మ మొదటి సగం, అక్కడ కొడుకు రెండో సగం, ఒక్క దేవరహస్యం. లైను తెగితే తెగిన చోటి నుంచి. ఇద్దరూ ఒకేసారి చెప్పబోతే గొంతులు వెనకాముందై గందరగోళమవుతుంది, కాబట్టి ఒకరు చెబుతుంటే ఇంకొకరు వినాలి.

బట్టీ దగ్గర ఉన్నవాళ్ళకు గుడి దొరకదు, ఫాదర్ గారు రారు. అక్కడికీ ఊరి నుంచి ఒక పద్ధతి వెళ్ళింది. వెళ్ళేటప్పుడే పాత ఈతమట్టతో అల్లిన చిన్న సిలువ ఒకటి, జపమాల ఒకటి, 14 స్థలాల పేర్లు రాసిన కాగితం ఒకటి గుడ్డలో కట్టి ఇస్తారు. కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇవ్వాలి, బట్టీ దుమ్ముకు, చెమటకు వారంలో చిరిగిపోతుంది. పెద్దక్షరాలతో రాయాలి, వాళ్ళు చదివేది పొయ్యి వెలుగులో. పక్కన ఏ ఊరి గుడికి ఎంత దూరమో, పవిత్ర శుక్రవారం ఏ తేదీనో రాసి ఉంచాలి. 2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10న, పాస్కా మార్చి 28న. బట్టీలకు బయలుదేరేది క్రిస్మసుకు ముందే కాబట్టి ఈ మూటలు నవంబరులోనే కట్టి సిద్ధంగా ఉంచుకోవాలి.